తూబా ఖానుమ్ రేకు డబ్బాలు

తూబా ఖానుమ్ ఎవరి గడప తొక్కినా చేతిలో ఒక రేకు డబ్బా ఉండేది. పెళ్లికైనా, చావుకైనా, పురిటికైనా, పంటినొప్పికైనా అదే డబ్బా. లోపల ఆకుకూరల ఘొర్మే సబ్జీయో, శనగపప్పు ఖేమేయో, వంకాయ మీర్జా ఖాసెమీయో వండి, మూసి, సీలు వేసి ఉంటుంది. వేడినీళ్లలో కాసేపు మరిగించి మూత కోసుకుంటే భోజనం సిద్ధం. ఏ టెహ్రానులోనో అయితే జనం నవ్వుకుని ఊరుకునేవారు. మాది కాస్పియన్ సముద్రం పక్కన రష్త్. ఇక్కడ ఇద్దరు కలిస్తే వాన గురించి ఒక మాట, వంట గురించి వంద మాటలు. ఇక్కడ మనిషి చేసిన మోసాన్ని క్షమిస్తారు గాని, మాడిన వెల్లుల్లిని క్షమించరు. అలాంటి ఊళ్లో పరామర్శకి డబ్బా కూర పట్టుకెళ్లడమంటే, మసీదులోకి చెప్పులతో నడిచి వెళ్లడం కన్నా కాస్త పెద్ద తప్పు.

ఆవిడ పొట్టిగా, గుండ్రంగా, తనూ ఒక డబ్బాలాగే ఉండేది. చలికాలం, ఎండాకాలం తేడా లేకుండా ఒక పొడుగు కోటు. దాని జేబుల్లో డబ్బాలు ఒకదానికొకటి తగిలి టక్ టక్ మంటుంటే మెట్ల మీద ఎవరొస్తున్నారో తెలిసిపోయేది. మిగతా ఆడవాళ్లు మెడలో బంగారు లాకెట్టు వేసుకునే చోట ఆవిడ దారం కట్టి డబ్బా ఓపెనర్ వేలాడదీసుకునేది.

మా భవనంలో మొదటి అంతస్తులో ఉండే టాక్సీ డ్రైవర్ బీజన్ ఆగాకి (మగవాళ్లకి ఆగా, ఆడవాళ్లకి ఖానుమ్, మా మర్యాద అది) చాలాకాలానికి కొడుకు పుట్టాడు. అందరం గుడ్డలూ బొమ్మలూ పట్టుకుని వెళ్లాం. తూబా ఖానుమ్ నీలం రిబ్బను కట్టిన డబ్బా ఒకటి పసివాడి దిండు పక్కన పెట్టింది.

"ఏంటండీ ఇది?" అన్నాడు బీజన్.

"ఖేమే. మాంసం ముక్కలు బాగానే వేస్తాడు ఈ కంపెనీవాడు."

"వాడికింకా పళ్లే రాలేదు కదా తూబా ఖానుమ్!"

"అందుకేగా డబ్బాలో తెచ్చింది? పళ్లొచ్చేదాకా పాడవదు."

పై అంతస్తులో ఉండే వొసూక్ ఆగా మా భవనానికి మేనేజర్. రిజిస్ట్రీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూతురి నిశ్చితార్థానికి అద్దం, కొవ్వొత్తులు, చక్కెర దిమ్మలు అన్నీ తెల్లటి బట్ట మీద పేర్చి ఉంటే, మధ్యలో ఘొర్మే సబ్జీ డబ్బా వెలిసింది. ఆయన భార్య ఎఫ్ఫత్ ఖానుమ్ దాన్ని చూసి గుండె పట్టుకుంది. తూబా ఖానుమ్ మాత్రం పెళ్లికొడుకుని దగ్గరికి పిలిచి డబ్బా అడుగున వేలు పెట్టి చూపించింది.

"చూడు నాయనా, గడువు తేదీ. కూరకే రెండేళ్లు గ్యారంటీ ఇస్తున్నాడు. నువ్వు మా అమ్మాయికి ఎన్నేళ్లిస్తావు?"

వొసూక్ ఆగా అన్నగారు పోయినప్పుడు ఇంకా ఘోరం. ఖర్జూరాలూ హల్వా ఉన్న పళ్లేల పక్కన ఆవిడ పెట్టిన డబ్బా చూసి ఆయన పళ్లు బిగబట్టి, "ఖానుమ్, ఇది చావిల్లు" అన్నాడు.

"తెలుసు ఆగా. అందుకే వంకాయ తెచ్చాను. నల్లగా ఉంటుంది."

నేను సైన్యంలో నా రెండేళ్ల గడువు పూర్తిచేసి సరిహద్దు నుంచి ఇంటికొచ్చిన రోజున కూడా మొదట తలుపు తట్టింది ఆవిడే. ఆ రెండేళ్లూ నేను తిన్నది డబ్బాలే. డబ్బా మూత లేచే చప్పుడు వింటే ఆమడ దూరం పారిపోయే దశలో ఇల్లు చేరాను. ఆవిడ నా చేతిలో డబ్బా పెట్టి, చెంప నిమిరి, "ఒక్కసారిగా ఇంటి తిండి తింటే ఒంటికి పడదు నాయనా, మెల్లమెల్లగా అలవాటు చేసుకో" అంది.

పోనీ, ఆవిడకి వంట రాదా అంటే, ఆ మాటంటే రష్త్ పళ్ల మార్కెట్టే తిరగబడుతుంది. కింది అంతస్తులో ఆవిడ వంటింటి కిటికీ తెరిచిందంటే, వీధిలో పోయేవాళ్లు నడక తగ్గించేవారు. వెల్లుల్లి నేతిలో పడిన వాసనకి మా నాన్న పత్రిక చదువుతూ చదువుతూ అదే వాక్యం మళ్లీ మళ్లీ చదివేవాడు. ఎవరైనా ఆవిడ ఇంటికి వెళ్తే మటుకు డబ్బా కనిపించేది కాదు. అక్రోట్ గింజలూ దానిమ్మ పులుపూ వేసి పొద్దుటినుంచి ఉడికించిన ఫెసెన్జాన్, అడుగున ఎర్రగా కాలిన అన్నం, దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డన. లేస్తామంటే లేవనిచ్చేది కాదు. కానీ ఆవిడ బయటికి అడుగు పెట్టిందో, జేబులో టక్ టక్.

ఈ వింత మీద మా మెట్ల మీద ఎన్నో సిద్ధాంతాలు నడిచేవి. "పిసినారితనం" అని ఎఫ్ఫత్ ఖానుమ్. "డబ్బాల ఫ్యాక్టరీలో తమ్ముడెవడో ఉండుంటాడు, పక్కదారిలో తెస్తాడు" అని బీజన్. "నుస్రత్ ఆగా పోయాక మతి చలించింది, పాపం" అని వొసూక్ ఆగా. ఆవిడ భర్త పోయింది అంతకు చాలా ముందు. డబ్బాలు మొదలైంది ఊళ్లో పట్టు మిల్లు మూతపడిన శరదృతువులో. అయినా మా వాళ్లకి ఏ ఆడదాని పిచ్చికైనా ఒక చచ్చిన మొగుడు కారణంగా దొరికితే చాలు. నేను అప్పటికి పాత పుస్తకాల కొట్లో నిలబడి సగం సగం చదివిన తత్వశాస్త్రం అంతా కలిపి, ఇది యంత్రయుగం మీద ఆవిడ చేస్తున్న నిరసన అని తేల్చాను. ఈ సంగతి అమ్మకి వివరంగా చెప్పాను.

"నోరు మూసుకుని ఆ డబ్బా మరిగించు" అంది అమ్మ.

ఇక గిన్నెల సంగతి. మా భవనంలో మనుషుల కన్నా గిన్నెలే ఎక్కువగా మెట్లెక్కి దిగుతాయి. పైవాళ్లు సూప్ కాస్తే కిందకొక గిన్నె, కిందవాళ్లు అన్నం పాయసం చేస్తే పైకొక గిన్నె. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. దాంట్లో పండో, మిఠాయో, మనింట్లో వండిందో, ఏదో ఒకటి ఉండాలి. ఖాళీ గిన్నె తిరిగిచ్చిన ఇంటి గురించి పిల్లల పెళ్లిళ్లప్పుడు కూడా చెప్పుకుంటారు. ఈ పద్ధతి ఎవడు కనిపెట్టాడో గాని వాడి ఇంట్లో తిండికి లోటుండి ఉండదు.

మాకు ఉంది. మిల్లు మూతపడ్డాక నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత సైన్యం నుంచి వచ్చి నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. గిన్నెలు మాత్రం రావడం మానలేదు. వాటిని ఖాళీగా పంపలేక, నింపడానికి ఏమీ లేక అమ్మ తన దగ్గరే ఉంచేసేది. అవి కడిగి, తుడిచి, ఫ్రిజ్ మీద బోర్లించేది. ఎఫ్ఫత్ ఖానుమ్ బంగారు అంచు గిన్నె, బీజన్ వాళ్ల నీలం గిన్నె, పూల పళ్లెం, ఇంకెవరివో చిన్నవీ పెద్దవీ. ఒకసారి ధైర్యం చేసి ఒక గిన్నెలో చక్కెర బిళ్లలు వేసి పంపింది. "అయ్యో, షుగరున్న వాళ్లింటికి చక్కెరా!" అని నవ్వింది ఎఫ్ఫత్ ఖానుమ్. ఊరికే నవ్వింది, అంతే. ఆ తర్వాత వంటల వాసన మెట్లెక్కిందంటే అమ్మ టీవీ గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చునేది. తలుపు తట్టిన చప్పుడు ఆగేదాకా నాన్న దగ్గు కూడా ఆపుకునేవాడు. టక్ టక్ అని డబ్బాల చప్పుడు వినిపిస్తే మాత్రం తనే లేచి తలుపు తీసేది. నేనప్పుడు అనుకున్నాను, పిచ్చివాళ్లంటే అమ్మకి జాలి అని.

అసలు గొడవ ఎఫ్ఫత్ ఖానుమ్ కాలు బెణికిన రోజున జరిగింది. తూబా ఖానుమ్ మీర్జా ఖాసెమీ డబ్బాతో పరామర్శకి వెళ్లింది. వెళ్లి ఊరుకోలేదు. డబ్బాని మూత కొయ్యకుండా నీళ్లలో మరిగించాలని డబ్బా మీద రాసి ఉంటుంది, ఆవిడ ఆ రాతని నమాజు పాటించినట్టు పాటించేది. తనే వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో నీళ్లు పోసి, డబ్బా పెట్టి, పొయ్యి వెలిగించింది. టీ తాగింది. "కాసేపట్లో ఆర్పెయ్యండి, నేను వెళ్లొస్తాను" అని లేచింది.

మా ఊళ్లో వెళ్లొస్తాను అన్న మాటకీ వెళ్లడానికీ మధ్య ఒక చిన్న జీవితం గడుస్తుంది. వొసూక్ ఆగా సాగనంపడానికి లిఫ్టు దాకా వచ్చాడు.

"మీరు లోపలికెళ్లండి ఆగా, చలిగా ఉంది."

"మీరు లిఫ్టెక్కకుండా నేనెలా వెళ్తాను ఖానుమ్?"

"మీరు నిలబడి ఉంటే నేనెలా ఎక్కుతాను?"

అతిథిని గదిలో కూర్చుని పంపిస్తే పరువేం కావాలని ఎఫ్ఫత్ ఖానుమ్ ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చింది. అది చూసి తూబా ఖానుమ్ కంగారుపడి ఆవిడని మళ్లీ లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మళ్లీ సెలవు తీసుకుని, మళ్లీ లిఫ్టు దగ్గరికొచ్చింది. ఈలోగా లిఫ్టులో బీజన్ దిగాడు. ముందు మీరు ఎక్కండి, కాదు ముందు మీరు దిగండి, పెద్దవారు మీరు, పని మీద వచ్చింది మీరు. లిఫ్టు తలుపు మూసుకుంటూ, తెరుచుకుంటూ, చివరికి విసుగొచ్చి ఖాళీగా కిందకి వెళ్లిపోయింది. ఎవరికీ పొయ్యి గుర్తులేదు. నీళ్లు ఇగిరిపోయాయి.

పేలుడు మూడో ఇంటి దాకా వినిపించింది. వొసూక్ ఆగా భూకంపం అనుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. మెట్ల దగ్గర మాత్రం ఆగి, పక్కకి జరిగి, తూబా ఖానుమ్‌కి చెయ్యి చూపిస్తూ "ముందు మీరు" అన్నాడు. చప్పుడుకి మెట్ల మీదకి పరుగెత్తుకొచ్చి, ఇది నా కళ్లతో చూశాను.

ఎవరికీ ఏమీ కాలేదు. వంకాయా, వెల్లుల్లీ, గుడ్డూ మాత్రం వంటింటి సీలింగుకి అంటుకుపోయాయి. అందరం తలలెత్తి చూశాం. "అచ్చం మన కాస్పియన్ సముద్రమేనండీ" అన్నాడు బీజన్. "అదిగో ఆ వెల్లుల్లి ముక్క ఉన్నచోటే మన రష్త్." తర్వాత సున్నం వేశారు. వాన పడ్డప్పుడల్లా సముద్రం మళ్లీ పైకి వచ్చేది.

మర్నాడు లిఫ్టులో కాగితం అంటించి ఉంది. ఒక ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్‌కి మూసిన డబ్బాల్లో ఆహారం తీసుకెళ్లడం నిషేధమనీ, ఈ విషయం మాట్లాడడానికి శుక్రవారం కింద కార్ల షెడ్డులో అందరూ రావాలనీ. దాన్ని చదివి తూబా ఖానుమ్ లిఫ్టులోనే నాకొక డబ్బా ఇచ్చింది. "నువ్వు ఇంకా ఏ ఫ్లాట్‌లోకీ వెళ్లలేదుగా" అంది.

ఆ శుక్రవారం అందరం కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నాం. నాన్న తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు, అమ్మ ఆయన పక్కన. టీ తిరిగింది. వొసూక్ ఆగా గొంతు సవరించుకున్నాడు.

"తూబా ఖానుమ్, మీరంటే మా అందరికీ ప్రాణం. మీ పాదాల దుమ్ము మా కళ్లకి కాటుక. కానీ మా సీలింగు..."

"మీ సీలింగు నా నెత్తిన పెట్టుకుంటాను ఆగా."

జనం నవ్వారు. ఎఫ్ఫత్ ఖానుమ్‌కి కోపం వచ్చింది.

"తేవద్దని ఎవరన్నారండీ? మనుషులందరూ తెచ్చినట్టు గిన్నెలో తెండి! అంత చక్కగా వండుతారు. మీ ఇంట్లో గిన్నెల్లేవా?"

"గిన్నెలో తెస్తే చల్లారిపోతుంది."

"కింద నుంచి పైకి వచ్చేలోపా?"

"లిఫ్టు దగ్గర మర్యాదలు అయ్యేలోపు."

ఈసారి నవ్వింది బీజన్ ఒక్కడే, ఆయన భార్య మోచేత్తో పొడిచింది. వొసూక్ ఆగా టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒకటే మాట. ఇకమీదట డబ్బాలు పంచనని మాటివ్వండి. లేదంటే ఈసారి మొక్కు వంట దగ్గర గరిటె మా ఆవిడ పడుతుంది."

మొక్కు వంటంటే, ఏటా సఫర్ నెల ఆఖరున మా పెరట్లో నుస్రత్ ఆగా మొక్కుకున్న ఖేమే. ఇద్దరు మగాళ్లు మొయ్యాల్సిన రాగి డేగిశా, సందు మొత్తానికి సరిపోయే వంట. ఆ రోజు తూబా ఖానుమ్ తెల్లవారకముందే డేగిశా పక్కన నిలబడేది, వంట దిగేదాకా కూర్చునేది కాదు. పోయిన భర్తతో ఏడాదికొకసారి మాట్లాడుకున్నట్టు గరిటె తిప్పుతూ పెదాలు కదిలించేది. మిగిలిన రోజులన్నీ ఆవిడ ఆ రోజు కోసమే బతికేదని మాకందరికీ తెలుసు. డేగిశా ఆవిడదే గాని, పెరడు భవనానిది, తాళం మేనేజర్‌ది.

ఆవిడ మెడలోని ఓపెనర్ పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పింది. ఒట్టి మాటే కదా, ఇచ్చేస్తే పోలేదా అనుకున్నాను. నేనైతే పది మాటలిచ్చి ఉండేవాణ్ని.

"అయితే ఎఫ్ఫత్ ఖానుమ్‌నే కలపనివ్వండి" అంది. "ఉప్పు మాత్రం చివర్లో వేసుకోండి తల్లీ."

ఒక రేకు డబ్బా కోసం ఆ డేగిశాని వదులుకునే మనిషిని మేమెప్పుడూ చూడలేదు. ఎఫ్ఫత్ ఖానుమ్‌కి గెలిచినట్టు కూడా అనిపించినట్టు లేదు. ఆ చిరాకు ఇంకోవైపు తిరిగింది.

"గిన్నెలంటే గుర్తొచ్చింది. నా బంగారు అంచు గిన్నె ఒకటి నౌరూజ్ పండగ నుంచి కనిపించట్లేదు. ఎవరింట్లో ఉందో వాళ్లకి తెలుసు."

"మా నీలం గిన్నె కూడా" అంది బీజన్ భార్య.

అమ్మ ఖాళీ టీ గ్లాసునే మళ్లీ పెదాలకి ఆనించి తాగుతూ ఉంది. ఇంకొక్క క్షణమైతే ఎవరో ఒకరు అటు తిరిగి చూసేవారే.

"నా దగ్గరుంది" అంది తూబా ఖానుమ్.

"ఏది?"

"బంగారు అంచుది."

"మా నీలంది?"

"అదీ నా దగ్గరే."

"పూల పళ్లెం కూడా పోయిందండీ..."

"పళ్లేలు కూడా తీశాను. ముసలిదాన్ని, చెయ్యి ఊరుకోదు."

"పోయినేడు నా కారు జాకీ పోయింది..." అన్నాడు బీజన్ ఆశగా.

"జాకీ నేను తియ్యలేదు. అది నువ్వే ఎక్కడో పారేసుకున్నావు."

షెడ్డంతా గోలయిపోయింది. ఇంతకాలం పిచ్చిది అనుకున్నాం, ఇప్పుడు గిన్నెల దొంగ కూడానా? తూబా ఖానుమ్ తన కుర్చీ తను మడిచి చంకలో పెట్టుకుని, ఏదో పెళ్లినుంచి వెళ్తున్నట్టు అందరికీ సెలవు చెప్పి వెళ్లిపోయింది. ఎవరూ లిఫ్టు దాకా సాగనంపలేదు. మా భవనంలో అది మొదటిసారి.

మేం పైకొచ్చాం. అమ్మ వంటింట్లో స్టూలు వేసుకుని ఎక్కి, ఫ్రిజ్ మీంచి గిన్నెలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టింది. బంగారు అంచుది, నీలంది, పూల పళ్లెం. నేను వాటి వైపు, తర్వాత కిటికీ వైపు చూశాను. ఆ కిటికీ నిండా తూబా ఖానుమ్ ఇచ్చిన ఖాళీ డబ్బాలు. అమ్మ వాటికి అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, తులసి, పుదీనా, ఉల్లికాడలు వేసింది. బీజన్ కారు కడుగుతూ తలెత్తి దాన్ని రేకుల తోట అని ఎగతాళి చేసేవాడు.

అప్పుడు వెలిగింది నాకు.

"అమ్మా," అన్నాను. "డబ్బాని ఎవరూ తిరిగిమ్మని అడగరు."

"అడగరు."

"ఖాళీ డబ్బా చెత్తలో పారేసినా తప్పులేదు."

"లేదు."

"అందుకని ఆవిడ..."

"నాకు మొదటి డబ్బాకే అర్థమైంది" అంది అమ్మ. "నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, అందుకని ఆలస్యమైంది."

"మరి అందరికీ ఎందుకిచ్చింది? పెళ్లికీ, చావుకీ?"

"మనకొక్కళ్లకే ఇస్తే దాన్నేమంటారు?"

ఏమంటారో నాకు తెలుసు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆ మాట మా తలుపు దాకా రాకుండా ఉండడానికి ఒక ముసలావిడ ఇన్నాళ్లూ ఊరందరి ముందూ పిచ్చిదై తిరిగింది.

అమ్మ కత్తెర తీసుకుంది. కిటికీ మొత్తం గొరిగేసింది. కడిగి, నీళ్లు దులిపి, గిన్నె గిన్నెకీ పచ్చగా నింపింది. భోజనాల బల్ల మీద పచ్చి ఆకుల పళ్లెం లేకపోతే మా వాళ్లకి ముద్ద దిగదు. దాన్ని ఏ ఇంటికి పంపినా నామోషీ లేదు. ఇదే పని ఆర్నెల్ల ముందు ఎందుకు చెయ్యలేదమ్మా అని అడగబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నాను. కొన్ని తలుపులు తియ్యాలంటే ముందు ఎవరో ఒకరు మన తరఫున దొంగ కావాలి కాబోలు.

నేను ట్రే పట్టుకుని వెనక నడిచాను. ఎఫ్ఫత్ ఖానుమ్ తలుపు తీసి తన గిన్నె చూసింది, తర్వాత తులసి వాసన చూసింది.

"అబ్బ, ఇంత మంచి తులసి ఏ కొట్లో దొరికింది ఖొర్షీద్?"

"కొనలేదు. తూబా ఖానుమ్ డబ్బాల్లో పెంచాను."

"గిన్నెలు తనే తీశానంది కదా ఆవిడ?"

"అబద్ధం చెప్పింది. ఇవి ఫ్రిజ్ మీదే ఉన్నాయి. మా ఫ్రిజ్ మీద."

"మరి ఆవిడెందుకు..."

"లోపలికి రమ్మంటే చెప్తాను" అంది అమ్మ.

నేను ట్రేతో మెట్ల దగ్గరే నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. వాళ్లు బయటికి వచ్చేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. "ఉల్లికాడలు ఘాటుగా ఉన్నాయి" అంది ఎఫ్ఫత్ ఖానుమ్ నాతో, ఎవరూ అడగకుండానే. తర్వాత మేం వద్దంటున్నా వినకుండా ఒంటికాలి మీద లిఫ్టు దాకా సాగనంపింది.

మొక్కు వంట రోజు వచ్చింది. మాట ప్రకారం గరిటె ఎఫ్ఫత్ ఖానుమ్ చేతిలో ఉంది. తూబా ఖానుమ్ తన కిటికీలోంచి, కనపడకూడదనుకుంటూ బాగా కనపడుతూ చూస్తోంది. ఎఫ్ఫత్ ఖానుమ్ గరిటెని ఒక్క చుట్టు తిప్పి, "అయ్యో, నా భుజం!" అని వదిలేసింది.

"బెణికింది కాలు కదే?" అన్నాడు వొసూక్ ఆగా.

"మీరు ఊరుకోండి! తూబా ఖానుమ్, మీరొచ్చి పట్టుకోకపోతే సందు సందంతా పస్తులే."

తూబా ఖానుమ్ బయటికొచ్చింది. వచ్చి, చేతులు వెనక పెట్టుకుంది.

"నాకెందుకమ్మా? మీ చేతిలో అందంగా ఉంది."

"మీ చెయ్యి తగలందే దీనికి రుచెక్కడిది?"

"మీరుండగా నేనా?"

"మీ ముందు నేనెంత?"

"మర్యాదలు ఆపండి బాబూ!" అని అరిచాడు బీజన్. "అడుగంటుతోంది! ఒకసారి పేలింది చాలదా?"

తూబా ఖానుమ్ ఒక్క గెంతులో గరిటె అందుకుంది. ఆ సాయంత్రం దాకా కూర్చోలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ ఏడు నుస్రత్ ఆగాకి చెప్పాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి. పంచడం అయ్యాక డబ్బాల గురించి ఏమైనా మాట్లాడాలా అని వొసూక్ ఆగా భార్య వైపు చూశాడు. ఆవిడ లిఫ్టులోని కాగితం చింపి ఆయన చేతిలో పెట్టింది.

కథ ఇక్కడితో అయిపోతే తూబా ఖానుమ్‌కి సుఖంగానే ఉండేది. కానీ మా అమ్మకి ఒక బుద్ధి పుట్టింది. ఒక ఖాళీ డబ్బాని మెరిసేలా తోమి, దాంట్లో వెల్లుల్లి ఊరగాయ పెట్టి, కిందకి తీసుకెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. తూబా ఖానుమ్‌ని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు.

"డబ్బాని ఎవరైనా తిరిగిస్తారా! నీకు సిగ్గులేదా ఖొర్షీద్?"

"ఖాళీగా ఇవ్వలేదుగా తూబా ఖానుమ్."

"అదే నేనంటున్నది! నా పద్ధతంతా నాశనం చేశావు!"

నిజంగానే నాశనమైంది. మర్నాడు ఎఫ్ఫత్ ఖానుమ్ లేసు గుడ్డ చుట్టిన డబ్బాలో ఫెసెన్జాన్ పంపింది. బీజన్ భార్య పసివాడి పేరు మీద డబ్బాలో అన్నం పాయసం పంపింది, వాడికి అప్పటికి రెండు పళ్లు వచ్చాయి. ఇప్పుడు మా మెట్ల మీద గిన్నెలతో పాటు డబ్బాలు కూడా ఎక్కి దిగుతున్నాయి, ఏ ఒక్కటీ ఖాళీగా తిరగడం లేదు. తూబా ఖానుమ్ అల్మారా నిండా తిరిగివ్వాల్సిన డబ్బాలే. కింద తలుపు తట్టితే ఆవిడ టీవీ గొంతు తగ్గించి, ఇంట్లో లేనట్టు కూర్చుంటోందని బీజన్ ప్రమాణం చేసి చెప్తున్నాడు.

ఈ చలికాలం చివర్లో ఆవిడ కోటు జేబుల్లోంచి టక్ టక్ ఆగిపోయింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ఉడకబెట్టిన కోడిగుడ్లు పట్టుకెళ్తోంది. వొసూక్ ఆగా కూతురి పురిటికి గుడ్లే. నాకు ఒక ప్రెస్సులో అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగం వచ్చిందని తెలిసి నా జేబులో కూడా ఒక వేడి గుడ్డు పెట్టింది. "పెంకు ఎవరు తిరిగిస్తారో చూస్తాను!" అని ధీమాగా నవ్వుతోంది.

ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. అమ్మ ప్రతి గుడ్డునీ పైన మూతంత మేర జాగ్రత్తగా కోసి, చెంచాతో తినిపించి, పెంకు కడిగి కిటికీలో నిలబెడుతోంది. వాటిలో దూది పెట్టి గోధుమలు చల్లింది. మా కొత్త సంవత్సరానికి ప్రతి ఇంట్లో ఉండాల్సిన పచ్చటి మొలకలొచ్చాయి. నౌరూజ్‌కి అన్నీ కిందకి తిరిగి వెళ్తాయి.